దోర్కా సాక్ష్యం

నేను సింకు దగ్గర చేప పొలుసు తీస్తుంటే మా ఆయన సిరిల్ వెనక నిలబడి, నా సాక్ష్యమంటూ తను రాసిన కాగితం చదివాడు. "తాగుబోతుల ముందు పాడినాను. అందుకే దేవుడు నా కడుపులో బిడ్డని తీసుకున్నాడు. నా భర్త నన్ను క్షమించినాడు." చదివి, "బాగుంది కదేటి?" అన్నాడు. నేను ఇంకో చేప అందుకుంటే ఇంకోసారి చదివాడు. అరవై దాటినా తన రాతంటే తనకి అంత మురిపెం.

ముప్పై రెండేళ్ళ కిందట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం డాన్సులకి నేను సోల్ పాడేదాన్ని. కడుపులోంచి తోడి పాడే ఆ ఇంగ్లీషు పాటల కోసం మా రైల్వే ఊళ్ళో ట్రాఫిక్ కాలనీ అంతా వచ్చేది. సిరిల్ నన్ను చూసి వెంటపడింది కూడా అక్కడే. పెళ్ళయిన వారానికే, "సంసారం సేసే ఆడది స్టేజీ ఎక్కదు" అన్నాడు. ఆ తర్వాత నేను పాడింది చర్చి కోయిర్‌లో, అదీ వెనక వరసలో, కోయిర్ నడిపే సిరిల్ చెయ్యి ఊపి గొంతు తగ్గించమన్నంత మేరకు. ఇప్పుడు మా పక్కపేట సుభాష్‌పల్లి కుర్రాడు రాబిన్ కలకత్తాలో స్టూడియో నడుపుతూ, ఎవరింట్లోనో నా పాత క్యాసెట్ విని వచ్చాడు. "ఆంటీ, ఎనిమిది భక్తిపాటలు మీ సోల్ పద్ధతిలో పాడండి. మీ పేరు మీదే ఆల్బం. మన చర్చిలన్నిటికీ పంపుదాం" అన్నాడు. ఆ రోజు కుళాయి తిప్పుకుని ఏడ్చాను. సిరిల్ ఒక్క షరతు పెట్టాడు. మా చర్చిలో పాటకి ముందు, తన బతుకులో దేవుడు చేసింది నలుగురిలో సాక్ష్యంగా చెప్పడం ఆనవాయితీ కాబట్టి ఆల్బంలో మొదట నా సాక్ష్యం ఉండాలి, తను రాసిందే ఉండాలి. ఒప్పుకున్నాను. పాడనిస్తే అదే పదివేలనుకునే గతికి తెచ్చారు మరి నన్ను.

కలకత్తా స్టూడియోలో రెండు రోజుల్లో ఎనిమిది పాటలూ పాడేశాను. గొంతు గరుకెక్కింది గాని చావలేదు. నాలుగో పాటకి రాబిన్ కళ్ళు తుడుచుకున్నాడు. సిరిల్ "శ్రుతి జారింది" అన్నాడు.

చివర సాక్ష్యం. అద్దానికి అవతల సిరిల్ హెడ్‌ఫోన్ పెట్టుకుని, తన వాక్యాలు వినడానికి కళ్ళు మూసుకున్నాడు. సాక్ష్యం చెప్తున్న మనిషిని మాలో ఎవరూ మధ్యలో ఆపరు, పాస్టరైనా ఆపడు. నోరు విప్పేముందు కాగితం ఒకసారి చూసుకుంటే 'క్షమించినాడు' అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. కాగితం మడిచేశాను.

"నా పేరు దోర్కా. అప్పుడు నాకు ఏడో నెల. మా అత్త ఎలీసమ్మ ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టింది. అరవై మందికి నేనొక్కదాన్నే వండినాను. మద్దేనం రక్తం కనపడింది. మా ఆయనికి సెప్పినాను. 'పలావు దించినాక ఎల్దాం, జనంలో పరువు తియ్యకు' అన్నాడు. దించినాను. వడ్డించినాను. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, కదల్లేదు. ఇంటికొచ్చినాక మా అత్త, 'గిన్నెలెవులు తోముతారు?' అంది. తోమినాను. ఆమెన్."

సిరిల్ తలుపు తోసుకుని వచ్చాడు. "తీసెయ్ రా దాన్ని! ముసల్దానికి మతి పోయింది."

రాబిన్ నా మొహంలోకి చూడలేకపోయాడు. "ఆంటీ, ఇదుంటే ఏ చర్చిలోనూ మీ ఆల్బం వెయ్యరు. ఒక్క పాట కూడా ఎవులూ వినరు."

నిజమే. ముప్పై రెండేళ్ళు దిగమింగుకున్న పాటలు అవి. అవంటే నాకు ప్రాణం.

"అయితే పాటలు తీసెయ్, నాన్నా" అన్నాను. "అదొక్కటే ఉంచు."