తిట్లకు నోచుకోని టైలరు

ఆ షెడ్డులో తిట్లు గాలిలాంటివి. పీల్చకపోతే పని సాగదు. మేస్త్రీ పొద్దున్నే షట్టరు ఎత్తుతూ తొలి తిట్టు షట్టరుకే పెట్టేవాడు, సగంలో ఇరుక్కున్నందుకు. రెండోది జాకీకి. మూడోదాని నుంచి సాయంత్రం దాకా అన్నీ గ్రీజుకే. గ్రీజంటే డబ్బాలో ఉండేది కాదు, పన్నెండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. అతని అసలు పేరు కన్నతల్లికైనా గుర్తుందో లేదో.

మేస్త్రీకి ఈ విద్య గురువు దగ్గర్నుంచి వచ్చింది. ఆ గురువును పెద్దమేస్త్రీ అనేవారు. బండి వీధి మలుపు తిరక్కముందే చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాడట. ఓసారి ఎదురింటి ముసలాయన గురక విని, రెండో సిలిండరు అంటుకోవడం లేదని ఆస్పత్రికి పంపిస్తే, నిజంగానే గుండెలో ఓ గది మొరాయించిందని తేలిందట. ఆయన తిట్టుతో ఊరుకునేవాడు కాదు, వెనకాలే స్పానరు కూడా విసిరేవాడు. మేస్త్రీ నుదుటిమీద ఆ స్పానరు మచ్చ ఇప్పటికీ ఉంది. అందులో పన్నెండో నంబరు నట్టు పెడితే గింజ కాయలో కూర్చున్నట్టు కూర్చుంటుందని, అనుమానం వచ్చినప్పుడల్లా మేస్త్రీ నుదురు తడుముకుని కొలత సరిచూసుకుంటాడని గ్రీజు ఒట్టేసి చెబుతాడు. గ్రీజు ఒట్లకు కొదవ లేదు.

అలాంటి షెడ్డులో మూడు నెలలుగా ఒక్క తిట్టయినా పడని మనిషి ఒకడున్నాడు. అతనే టైలరు.

టైలరుకు నలభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళు కుట్టుమిషను తొక్కాడు. జనం రెడీమేడ్ బట్టలకు అలవాటుపడ్డాక, అతని కొట్టుకు జిప్పులు మార్చుకునేవాళ్ళు, ప్యాంటు పొడుగు తగ్గించుకునేవాళ్ళు మాత్రమే మిగిలారు. తర్వాత వాళ్ళూ మిగల్లేదు. ఒకరోజు మెడలోని టేపు తీసి మేకుకు తగిలించి, కొట్టుకు తాళం వేసి, భార్య తమ్ముడి షెడ్డుకు పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఆ తమ్ముడే మేస్త్రీ. తల్లి లేని ఆ తమ్ముణ్ణి ముక్కు తుడిచి పెంచింది అక్కే. ఆవిడ తమ్ముడికి ఒక్కమాట చెప్పి పంపింది.

"బావని మర్యాదగా చూసుకోరా."

చిక్కంతా అక్కడే వచ్చింది.

వచ్చిన రెండో వారంలో టైలరు ఒక కారుకు ఇంజన్ ఆయిలు మార్చాడు. కింద బిరడా బిగించడం మరిచిపోయి పైనుంచి కొత్త ఆయిలు పోశాడు. ఇంజన్ తాగుతోందని అతననుకుంటున్నాడు, తాగుతున్నది నేల. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుంది. ఎదురుగా ఉన్నది ఎవరో చూసి, తెరిచిన నోట్లోంచి రాబోతున్న దాన్ని చేదుమందులా మింగేశాడు.

"పర్వాలేదు బావగారూ. నేల కూడా చాన్నాళ్ళుగా ఎండిపోయే ఉందిలెండి."

మింగింది ఊరికే పోతుందా? పది నిమిషాల తర్వాత, బకెట్టు ఎడమపక్కన పెట్టిన పాపానికి గ్రీజు మీద పడింది.

"మీ వాటా కూడా నేనే తింటున్నాను టైలరుగారూ," అన్నాడు గ్రీజు మధ్యాహ్నం చేతులు తుడుచుకుంటూ. "రెండు పూటల తిండి ఒక్కడు తింటే అరుగుతుందా చెప్పండి."

మొదట్లో టైలరుకు ఇది అభిమానంలాగే కనిపించింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి బయలుదేరి, కళ్ళజోడు మరిచిపోయానని సగం దారిలోంచి వెనక్కి వచ్చాడు. షెడ్డులో మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. పొద్దున టైలరు బిగించిన చక్రం నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, మళ్ళీ బిగిస్తున్నాడు. చప్పుడు కాకుండా, దొంగతనం చేస్తున్నవాడిలా.

టైలరు కళ్ళజోడు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం సయించలేదు. తాను కుట్టిన చొక్కాను పక్కగదిలో ఎవరో విప్పి మళ్ళీ కుడుతున్నట్టుంది. ఒక్కసారా, మూడు నెలలుగానా? గ్రీజుకు రోజుకు వంద తిట్లు. కానీ ప్రతి తిట్టులో ఒక సంగతి ఉంటుంది: ఎడమకు కాదురా, కుడికి, అది లాగకు, తట్టు, వేడిమీద విప్పితే మర పోతుంది. ఆ వంద తిట్లూ గ్రీజుకు బడి. తనకు మాత్రం కుర్చీ, టీ, 'గారు'. కొడుకులాంటివాణ్ణి తిడతారు, కూలివాణ్ణి తిడతారు, చుట్టాన్ని మాత్రం సాగనంపుతారు. తాను షెడ్డులో పనివాడా, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే చుట్టమా? అడుగుదామంటే నోరు రాలేదు. ఇలాగే జరిగితే పదేళ్ళకైనా పని రాదు.

ఇంతలో నర్సమ్మ తెల్లకారు మూడోసారి వచ్చింది.

నర్సమ్మ కాన్పులు చేసే మనిషి. కారు లేకపోతే ఆవిడకు కాళ్ళు లేనట్టే. ఇంజన్ నెత్తిమీద ఒక మూత ఉంటుంది, మూత కింద రబ్బరు ప్యాకింగు ఉంటుంది, ఆ రెంటినీ ఎనిమిది చిన్న బోల్టులు పట్టి ఉంచుతాయి. అక్కడ ఆయిలు కారుతోందని మొదటిసారి వచ్చినప్పుడు, మేస్త్రీ ఎక్కడో ఆగిపోయిన లారీ కోసం రోడ్డు మీదికి వెళ్ళాడు. టైలరే కొత్త ప్యాకింగు వేశాడు. వారానికి మళ్ళీ కారింది. రెండోసారి మేస్త్రీ, నాసిరకం సరుకు ఇచ్చావంటూ విడిభాగాల కొట్టువాడితో పోట్లాటకు వెళ్ళాడు. ఈసారీ టైలరే వేశాడు. మేస్త్రీ తిరిగొచ్చేసరికి కారు వెళ్ళిపోయింది. మేస్త్రీకి వెనకాల విప్పి బిగించే వీలు చిక్కని బండి అదొక్కటే.

"మా వాచ్‌మన్ రోజూ కారు కింద అట్టముక్క పరుస్తున్నాడు, పక్క తడిపే పిల్లాడికి పరిచినట్టు," అంది నర్సమ్మ టైర్ల దొంతర మీద కూర్చుంటూ. "ఇదే ఆఖరు మేస్త్రీ. ఇంకోసారి కారిందంటే ఎదురు షెడ్డుకి పోతా."

"ప్యాకింగులే మంచివి రావట్లేదమ్మా," అన్నాడు మేస్త్రీ, బావవైపు చూడకుండా పైకప్పు చూస్తూ.

గ్రీజు దగ్గాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, టైలరు చెయ్యి దానంతటదే మెడమీదికి పోయింది, లేని టేపు కోసం. మేస్త్రీకి తెలుసు. తెలిసీ కొట్టువాడి మీదికి నెట్టి తనను కాపాడుతున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఈ పూట గడిచిపోతుంది. ఖాతాదారు మాత్రం ఎదురు షెడ్డుకు పోతుంది.

"ఒక్కసారి నేనే విప్పుతాను," అన్నాడు టైలరు.

మూత తీసి, ప్యాకింగు బయటికి లాగి, బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని చివరికంటా జరిపాడు. ఒక చివర కాగితంలా నలిగిపోయింది. రెండో చివర కొన్ననాటి ఉబ్బుతోనే ఉంది. అతని వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఈ ఉబ్బు అతనికి తెలుసు. పొడుగు కుట్టు ఒక కొసనుంచి లాక్కుంటూ పోతే అవతలి కొసన బట్ట ఇలాగే పోగుపడుతుంది. తాను ఒక మూల బోల్టుతో మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగించుకుంటూ, అంచు కుట్టినట్టు చుట్టూ తిరిగొచ్చాడు.

చొక్కాకు చెయ్యి అతికేటప్పుడు ఏ టైలరైనా అలా కుడతాడా? ముందు భుజం మీద ఒక కచ్చాకుట్టు, దానికి ఎదురుగా చంకలో ఒకటి, ముందొకటి, వెనకొకటి. నాలుగువైపులా సర్దుకున్నాకే అసలు కుట్టు. ఇరవై రెండేళ్ళుగా వేళ్ళకు తెలిసిన సంగతి. టేపుతో పాటు దాన్నీ మేకుకు తగిలించి వచ్చాడు.

"ప్యాకింగు మంచిదే," అన్నాడు అందరికీ వినపడేలా. "తప్పు నాది. వరసగా బిగించాను. నీకది తెలుసు."

"పర్వాలేదు బావగారూ, మీరలా నీడలో కూర్చోండి, నేను..."

"బావగార్ని ఇంటి దగ్గర కూర్చోబెట్టు. ఇక్కడ నేనెవర్ని?"

టైలరు కొత్త ప్యాకింగు పరిచాడు, మూత పెట్టాడు, స్పానరు అందుకున్నాడు. మేస్త్రీ కళ్ళలోకే చూస్తూ మూలనున్న మొదటి బోల్టును పూర్తిగా బిగించాడు. మేస్త్రీ పెదవి కొరుక్కున్నాడు. టైలరు దాని పక్కదాన్ని బిగించాడు. మేస్త్రీ మెడ నరాలు లేచాయి. స్పానరు మూడోదాని మీద పెట్టాడు.

"ఆగు బావా. ఆగమన్నానా? కళ్ళున్నాయా, వాటిక్కూడా గ్రీజు పూసుకున్నావా? అది ఇంజన్ మూతా, పైజమా బొందా, ఒక కొసనించి లాక్కుంటూ పోడానికి? ముందు నడుమ పట్టాలి, తర్వాత దాని ఎదురుది పట్టాలి, మూలలు ఆఖరికి. అదీ ఒక్కసారే కాదు, మూడు దఫాలు. మూడు నెలల్నించి నీ వెనకాల విప్పీ బిగించీ నా మణికట్టు అరిగిపోయింది. ఇరవై రెండేళ్ళు జనానికి చంకలెలా కుట్టావయ్యా? నీ చొక్కాలేసుకున్నోళ్ళు చేతులు పైకెత్తారా ఎప్పుడైనా?"

గ్రీజు బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నర్సమ్మ మాత్రం తలూపింది.

"మూడు నెలలు మోశావన్నమాట. ఇప్పుడు తేలిగ్గా ఉందా నాయనా?"

మేస్త్రీ ముఖం పాలిపోయింది. "అక్కతో అనకండి బావగారూ. ఏదో నోరు జారింది."

"జారింది జారనీ, మిగతాది చెప్పు," అన్నాడు టైలరు, బిగించిన రెండు బోల్టులూ వదులు చేస్తూ. "మూడు దఫాలన్నావు. మొదటి దఫా ఎంత బిగువు?"

మేస్త్రీ వంగి, బోల్టు మీద వేలు పెట్టాడు. "చేత్తో తిరిగినంతే. స్పానరు ముట్టుకోకు."

"కచ్చాకుట్టు."

"అదేంటో నాకు తెలీదు."

"నాకు తెలుసులే."

నడుమదొకటి, ఎదురుగా ఒకటి, ఇటొకటి, అటొకటి. మూడో దఫా పూర్తయ్యేసరికి ప్యాకింగు చుట్టూ సన్నటి గీత, అంచు పొడవునా ఒక్కలాగే కనిపించింది. టైలరు దానిమీద గోరు నడిపి చూశాడు. కాలరు మీద కుట్టును చూసినట్టు.

ఆ వారంలో నర్సమ్మ నుంచి కబురొచ్చింది. వాచ్‌మన్ అట్టముక్క తీసి అవతల పారేశాడట. ఇంటిదగ్గర టైలరు ఆ తిట్టంతా ఒక్క మాట పోకుండా భార్యకు అప్పజెప్పాడు. పైజమా బొందు దగ్గర ఆవిడ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. చంకల దగ్గరికొచ్చేసరికి మాత్రం, "చొక్కాల్ని అనడానికి వాడెవడు?" అంది.

మరుసటి సోమవారం టైలరు ఒక పాత జీపుకు నాలుగు చక్రాలు బిగించి, భోజనానికి బయలుదేరి, గేటు దాటాక గోడవతల ఆగాడు. కళ్ళజోడు కళ్ళకే ఉంది. ఊరికే ఆగాడు.

మేస్త్రీ చుట్టూ చూసి, స్పానరుతో జీపు దగ్గరికి వెళ్ళాడు. మొదటి చక్రం పట్టి చూశాడు. కదల్లేదు. రెండోది చూశాడు. స్పానరు భుజాన వేసుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు. గోడవతల టైలరు మునివేళ్ళ మీద లేచి చూశాడు. మేస్త్రీ మూడో చక్రం దగ్గర కూర్చుని ఒక నట్టు మీద స్పానరు పెట్టాడు. అది వదులుగా పావు చుట్టు తిరిగింది.

ఇదివరకైతే చప్పుడు కాకుండా బిగించి లేచిపోయేవాడు. ఇవాళ ఆ నట్టును అలాగే వదిలేసి, గేటువైపు తిరిగి వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు.

"బావా, ఎక్కడ తగలడ్డావ్? ఇటొచ్చి చూడు నీ పని."

టైలరు గోడవతల నుంచి పరుగున వచ్చాడు, బహుమతికి పేరు పిలిచినట్టు.