నిన్నటి అద్దం

ఆ కొట్టులో క్రాపు చేయించుకున్నవాళ్లు అదెలా కుదిరిందో చూసుకోవడానికి మర్నాడు అదే వేళకి మళ్లీ వచ్చేవాళ్లు. అక్కడి అద్దం ఒక రోజు ఆలస్యంగా చూపిస్తుంది మరి. ఇవాళ పొద్దున కుర్చీలో కూర్చున్నవాడికి నిన్న పొద్దున కూర్చున్నవాడు కనిపిస్తాడు. తన ముఖం తనకి కావాలంటే రేపు రావాలి. వీధివీధంతా దీనికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. ఆఫీసులకి వెళ్లేవాళ్లు దారిలో ఆగి, గుమ్మంలోంచే మెడ సాచి తమ తల చూసుకుని, ఫరవాలేదనుకుని వెళ్లిపోయేవాళ్లు. బాగా రాలేదని దెబ్బలాటకి వచ్చినవాళ్లకి బార్బరు "నిన్ననే చెప్పాల్సింది కదండీ" అని నవ్వి ఊరుకునేవాడు. సెలవునాడు కూడా కాసేపు షట్టరు ఎత్తక తప్పేది కాదు, ముందురోజు చేయించుకున్నవాళ్లు ఊరుకోరు. ఒకసారి బడిపంతులొకాయన గడ్డం గీయించుకుని ఇంటికెళ్లి సాయంత్రానికల్లా పోయాడు. మర్నాడు ఆయన భార్య వచ్చి అద్దం ముందు కూర్చుని, నురగ పూసుకున్న మొగుణ్ణి చివరిదాకా చూసుకుని వెళ్లింది. ఆవిడ లేచేదాకా బార్బరు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు.

బార్బరు ఈ ఊరివాడు కాదు, ఈ దేశంవాడే కాదు. రంగు చూడగానే తెలిసిపోతుంది. అద్దం సాయం లేకుండా వేళ్లతో తడుముకుంటూ క్రాపు చేయగలడు కాబట్టే కొట్టు యజమానురాలు, ఆ ముసలావిడ, అతన్ని పనిలో పెట్టుకుంది. ఇప్పుడు ఆవిడకి ఓపిక అయిపోయింది. కొట్టు అతనికే అప్పగించేస్తానంటోంది. కాకపోతే ఆ వీధిలో బయటివాడి పేరున బోర్డు లేచిన దాఖలా లేదు. కొట్లవాళ్ల సంఘం ఒప్పుకోవాలి, సంఘానికి పెద్ద కలప వ్యాపారి. ఆయన రోజూ ఇక్కడే గడ్డం గీయించుకుంటాడు.

మీద తెల్లగుడ్డ కప్పి మెడ వెనక్కి వాల్చగానే మనుషులకి నోరు లేస్తుంది. బస్సుల్లో చూడు వాళ్లే, ఆసుపత్రిలో చూడు వాళ్లే, ఇంకొన్నాళ్లకి మనం ఎటు పోవాలి, అని మొదలుపెడతారు. అంతలో మెడ మీద కత్తి పట్టుకున్నది ఎవరో గుర్తొస్తుంది. "నిన్ను కాదులేవోయ్. నువ్వు మావాడివే" అంటారు. బార్బరు నవ్వుతాడు. ఆ నవ్వు పట్టుబడటానికి అతనికి క్రాపు నేర్చుకున్నంత కాలం పట్టింది.

అంతకంటే ఇబ్బందైన సంగతి ఇంకొకటుంది. తనవాళ్లు, అంటే తన దేశంనుంచి వచ్చిన కూలీలూ డ్రైవర్లూ, క్రాపు కోసం వస్తే అతను ముందు కుర్చీల్లో కూర్చోబెట్టడు. వెనక సందులోంచి రమ్మంటాడు. సామాన్లు పెట్టే గదిలో ఒక స్టూలు వేసి, వేరే దువ్వెనతో, వేరే తువ్వాలుతో పని కానిస్తాడు. ఇలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. ముసలావిడ చెప్పలేదు, కలప వ్యాపారీ చెప్పలేదు. వాళ్లు చెప్పేదాకా ఎందుకని అతనే ముందుగా పెట్టుకున్న పద్ధతి అది. "ఇక్కడైతే మనం మనం మాట్లాడుకోవచ్చు" అని వచ్చినవాళ్లకి సర్దిచెప్పేవాడు. వాళ్లు తలూపేవాళ్లు. నమ్మినట్టు తలూపడం వాళ్లకీ బాగా అలవాటే.

ఈ పద్ధతి బావమరిదికి చెప్పడం మాత్రం మర్చిపోయాడు.

బావమరిది కొత్తగా వచ్చాడు. అక్కాబావల ఇంట్లో హాలులో పడుకుంటాడు. ఈ దేశంలో ఉండటానికి అనుమతి ఇస్తారో లేదో తేల్చే విచారణ దగ్గరపడింది. ఆఫీసువాళ్ల ముందు శుభ్రంగా కనిపించాలని వాళ్లక్క పొద్దున్నే "బావ దగ్గరికెళ్లి జుట్టు కత్తిరించుకోరా" అని తరిమింది. వాడు తిన్నగా ముందు గుమ్మంలోంచి వచ్చాడు.

కలప వ్యాపారి గడ్డం సగమైంది. వాడు నవ్వుతూ "బావా" అని పలకరించి, పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. బల్ల మీద దువ్వెన కనిపిస్తే తీసుకుని తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. బార్బరు లేవమని కళ్లతో సైగ చేశాడు. వాడికి అర్థం కాలేదు.

"ఏయ్, కింద పెట్టు ఆ దువ్వెన" అంటూ వ్యాపారి కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. గడ్డం మీద ఉన్న కత్తి ఉన్నట్టే ఉంది. దవడ గీరుకుపోయి నురగంతా ఎర్రబడింది. ఆ తర్వాత జరిగినవి అరుపులు, తోపులాట, చెంపదెబ్బల చప్పుడు. వీధిలోవాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి వ్యాపారి దవడకి తువ్వాలు అదుముకుని, "కత్తి లాక్కుని నా మీదకొచ్చాడు" అని అరుస్తున్నాడు. పోలీసులొచ్చి బావమరిదిని తీసుకుపోయారు.

ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వచ్చి అడిగాడు. "కత్తి నీదే కదా. ఎలా తెగింది?"

ఎలా తెగిందో బార్బరు వేళ్లకి తెలుసు. కత్తి కింద చర్మం కదలడం ఆ వేళ్లకి తెలియకుండా జరగదు. అయినా "నేను చూడలేదండీ. అంతా క్షణంలో అయిపోయింది" అన్నాడు. ఆ మాట అతని నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, తనేనా అన్నది అని అతనికే అనుమానం వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వెళ్లాక వ్యాపారి దవడకి ప్లాస్టరుతో వచ్చాడు. కోపంగా కూడా లేడు. "రేపు నా గడ్డం చూసుకోవడానికి రానులే. ఆ వేళకి అద్దం మీద ఓ దుప్పటి కప్పెయ్. బోర్డు ఏ రంగులో రాయించుకుంటావో ఆలోచించుకో" అని భుజం తట్టాడు. ముసలావిడ వింటూనే ఉంది. "గొడవలెందుకు నాయనా, కప్పెయ్యరాదూ" అంది. ఆవిడ చెడ్డదేం కాదు. భయస్తురాలు, అంతే.

ఇంట్లో భార్య అన్నం పెట్టలేదు. ఎదురుగా కూర్చుంది.

"మీరక్కడే ఉన్నారు కదా."

"ఉన్నాను."

"మరి ఊరుకున్నారా?"

"ఊరుకోవడమేమిటి? కత్తి పడేసి మధ్యలో దూరాను. నేనే విడదీశాను. లేకపోతే ఇంకా ఎన్ని దెబ్బలు తినేవాడో."

ఇది అబద్ధం కాదు. అతనికి అలాగే గుర్తుంది. ఆ రోజు మొత్తంలో తలెత్తుకుని చెప్పుకోగలిగిన సంగతి అదొక్కటే. దాన్నే పట్టుకుని పడుకున్నాడు. నోరు విప్పలేకపోయినా ఒంటితో అడ్డం పడ్డాను కదా అనుకుంటే కాస్త నిద్ర పట్టింది.

పొద్దున వెళ్లేటప్పుడు హాలులో మడతపెట్టి ఉన్న దుప్పటి ఒకటి చంకన పెట్టుకుపోయాడు. ఆ వేళ దగ్గరపడుతుండగా దాన్ని అద్దం మీద కప్పి, మూలలకి బట్టలకి పెట్టే క్లిప్పులు తగిలించాడు. కొట్టు చీకటిగా అనిపించింది. కుర్చీలో ఉన్న పోస్టుమాన్ అదేంటని అడగలేదు. ఆ వీధిలో అందరికీ తెలుసు అదెందుకో.

అప్పుడు గుమ్మంలోకి భార్య వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె ముందు గుమ్మంలోంచి రావడం అదే మొదలు. టిఫిను డబ్బా ఇవ్వాలన్నా వెనక సందులోంచే వచ్చేది. ఆ పద్ధతి ఆమెకి చెప్పాడో, ఆమే తెలుసుకుందో అతనికి గుర్తులేదు. ఆమె వెనకాల ఇన్‌స్పెక్టరు, ఆయన పక్కన బావమరిది. వాడి పెదవి వాచి ఉంది. వీళ్లని చూసి వీధిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి గుమ్మం దగ్గర మూగారు. ముసలావిడ వచ్చింది, కలప వ్యాపారి కూడా వచ్చాడు. దుప్పటి కనిపించేసరికి స్థిమితంగా గోడకి ఆనుకున్నాడు.

"అద్దం చూపిస్తే చాలన్నాను ఈయనతో" అంది భార్య. దుప్పటి వైపు చూసింది. "అది తమ్ముడు కప్పుకునేది కదండీ."

గొంతు పెంచలేదు, నిష్ఠూరంగా కూడా అనలేదు. ఇంట్లో వస్తువు పొరపాటున ఇక్కడికొచ్చిందన్నట్టు అంది, అంతే. బార్బరుకి ఎక్కడ చూడాలో తెలియలేదు. చేతిలో కత్తెర కింద పెట్టాడు. కొట్టు పోతుంది, పోనీ అనుకున్నాడు. అద్దంలో తను అడ్డం పడటం అందరూ చూస్తారు, భార్యా చూస్తుంది, అదన్నా మిగులుతుంది అనుకున్నాడు. నిజం చెప్పాలంటే దుప్పటి లాగేటప్పుడు అతనికి కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అద్దంలో నిన్న నడుస్తోంది. మాటలు వినపడవు, మనుషులే కనిపిస్తారు. సగం నురగతో వ్యాపారి, పక్క కుర్చీలో తల దువ్వుకుంటున్న బావమరిది. వ్యాపారి లేచాడు. కత్తి ఉన్నచోటే ఉంది, దవడే వచ్చి దానికి గీరుకుంది. గుమ్మంలో ఎవరో "అదా సంగతి" అన్నారు. వ్యాపారి గోడ మీంచి వీపు తీశాడు.

ఆ తర్వాత అద్దంలో బార్బరు కత్తి పడేశాడు. మధ్యలోకి దూరాడు. వ్యాపారిని దాటుకుని, ఆయన చొక్కాకి కూడా తగలకుండా ఒదిగి పక్కనుంచి వెళ్లి, బావమరిది వెనక చేరాడు. వాడి రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. వ్యాపారి ఒకటి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోవాలని గింజుకుంటున్నాడు, బార్బరు వదలడం లేదు. పైగా అతని ముఖంలో ఆ నవ్వుంది. గడ్డం గీసేటప్పుడు నవ్వే నవ్వు. ఇద్దరు కొట్టుకుంటుంటే విడదీసేవాడు ఎవరో ఒకరిని పట్టుకోవాలి. అతనికి పట్టుకునే ధైర్యం ఉన్నది తనవాడినే.

బార్బరు అద్దంలోంచి చూపు తిప్పుకోలేకపోయాడు. తిప్పితే ఎవరి ముఖం తగులుతుందోనని భయం. తల కొట్టేసినట్టయింది. లాగేసిన దుప్పటి తీసి నిలువునా తన మీద కప్పుకోవాలనిపించింది.

ఇన్‌స్పెక్టరు లేచాడు. "ఇతని రెండు చేతులూ మొదట్నుంచీ నీ చేతుల్లోనే ఉన్నాయి. ఇక కత్తి ఎలా పట్టుకుంటాడు?" అన్నాడు బార్బరుతో. అని బావమరిది వైపు తిరిగి, "నువ్వు ఇంటికెళ్లొచ్చు. నీ విచారణకి దీంతో సంబంధం లేదని నేను రాసిస్తాను" అన్నాడు. వ్యాపారిని మాత్రం స్టేషనుకి రమ్మన్నాడు. ఆయన వెళ్తూ వెళ్తూ బార్బరు వంక ఒక చూపు చూశాడు. ముసలావిడ నిట్టూర్చి, "కొట్టు సంగతి తర్వాత చూద్దాంలే" అంది. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదని ఇద్దరికీ తెలుసు.

అందరూ వెళ్లాక బావమరిది దగ్గరికొచ్చి బార్బరు చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పట్టుకోబట్టి బతికిపోయాను బావా. లేకపోతే నేనూ కొట్టేవాణ్ణి, నన్ను పంపించేసేవాళ్లు." వాడి గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండునని బార్బరు వెతికాడు.

మర్నాడు వాడు జుట్టు కోసం మళ్లీ వచ్చాడు. ఈసారి వెనక సందులోంచి, ఇంటినుంచి తెచ్చుకున్న తువ్వాలు భుజాన వేసుకుని. ఎవరు చెప్పారో మరి. బార్బరు వాణ్ణి ముందుకి తీసుకొచ్చి, వ్యాపారి కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టాడు. తెల్లగుడ్డ కప్పాడు. అందరికీ వాడే దువ్వెనే తీశాడు. లోపలికి రాబోయిన వాళ్లొకరిద్దరు గుమ్మంలోనే ఆగి, పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు. వెళ్లనీ అనుకున్నాడు. రేపటినుంచి ఈ కొట్టులో తనకి పని ఉంటుందో లేదో కూడా తెలియదు.

చెవి పక్కన కత్తిరిస్తూ తలెత్తాడు. అద్దంలో నిన్నటి జనం కనిపించారు. కుర్చీలో ఇన్‌స్పెక్టరు, గోడ దగ్గర వ్యాపారి, ముసలావిడ, పోస్టుమాన్, గుమ్మంలో సగం వీధి. అందరూ గుడ్లప్పగించి అద్దంలోకే చూస్తున్నారు. మధ్యలో నోరు తెరుచుకుని తను.

ఒక్క భార్యే అద్దంలోకి చూడటం లేదు. ఆమె అతని వైపు చూస్తోంది. అంతసేపూ అతన్నే చూస్తూ నిలబడింది. నిన్న అతను చూపు తిప్పుకుని ఉంటే ఆ ముఖం కనిపించేది. రాత్రి ఇంట్లో ఆమె మామూలుగానే అన్నం పెట్టింది, మామూలుగానే దీపం ఆర్పింది. గండం గడిచిందనుకున్నాడు.

కత్తెర ఆగిపోయింది. బావమరిది తెల్లగుడ్డలోంచి అద్దంలోకి చూస్తున్నాడు.

"అక్క నిన్నెందుకలా చూస్తోంది బావా?"

బార్బరు వాడి నడినెత్తి మీద వేళ్లు ఆనించాడు.

"తల కాస్త వంచు" అన్నాడు.