మూల కుర్చీ

నజీర్ బనీను పేలికతో మిషను మూతి తుడిచి, ఫిల్ము పళ్ళచక్రాల మీదుగా ఎక్కించి, ఇనుప తలుపు మూశాడు. మ్యాట్నీ మొదలైంది. ఇక ఇంటర్వెల్ దాకా క్యాబిన్‌లోంచి కదలడానికి లేదు. ఈ మిషన్లో రీలు అయ్యేసరికి ఆ మిషన్లో రీలు సిద్ధంగా ఉండాలి. మిరప కోతల రోజులు కావడంతో, చేలనుంచి నేరుగా వచ్చినవాళ్ళ బట్టల ఘాటు మెట్లెక్కి పైకీ వచ్చేసింది. పొద్దుటినుంచీ ఛాతీ పట్టేసినట్టుంటే ఆ ఘాటే అనుకుని గోలీసోడా తాగాడు.

అద్దంకిలో ఆ హాలు కట్టిన నాటినుంచీ ఆపరేటరు అతనే. ఊరంతా కాళ్ళు జాపుకుని చూసిన సినిమాలన్నీ అతను అరచెయ్యంత గోడకంతలోంచి నిలబడి చూశాడు.

ఇంటింటికీ కేబుల్ వచ్చి, ఒంగోల్లో డీటీఎస్ హాలు పడ్డాక ఇక్కడ జనం పల్చబడ్డారు. యజమాని బాపయ్య దిగులుపడి పాత కూలర్ల మోటార్లు కొన్నాడు. వాటిని బాల్కనీ కుర్చీల కింద బిగించి, తీగ క్యాబిన్‌లోకి లాగించాడు. తెరమీద బాంబు పేలగానే నజీర్ మీట నొక్కాలి, కుర్చీలదిరి కింద జనం ఎముకలు కదలాలి. "ఇక సినిమా చూడ్డమే కాదు, ఒంటికి తగుల్తుంది" అని రిక్షాలో మైకు కట్టి చాటించాడు. నవ్వుకుంటూనే అయినా జనం వచ్చారు.

నజీర్ భార్య రహిమున్నీసా మాత్రం నవ్వలేదు. చిన్నప్పుడు జ్వరం తగిలి చెవులు పోయిన మనిషి. రోజూ అన్నం క్యారేజీ తెచ్చి, బాల్కనీ చివరి వరస మూల కుర్చీలో కూర్చుని, మూగబొమ్మలు చూసి చూసి కునికేది. కుర్చీ కదలడం మొదలయ్యాక కునకడం మానేసింది. అది చూసి నజీర్‌కి ఆశ పుట్టింది. వానకి చినుకు చినుకుగా నొక్కాడు. రైలొస్తే నొక్కి పట్టాడు. తెరమీద తల్లి బిడ్డని జోకొడితే తనూ మీటతో జోకొట్టాడు.

మిగతావాళ్ళు ఊరుకుంటారా?

"తెరమీద పిల్ల నిద్రపోతుంటే కుర్చీ వణుకుద్దేంటండీ బాపయ్యగారూ?"

బాపయ్య రొప్పుకుంటూ పైకొచ్చాడు. "ఏరా, బాంబులకి నొక్కరా అంటే జోలపాటక్కూడా నొక్కుతావేంట్రా?"

నజీర్ మర్నాడు మూల కుర్చీ తీగ విడదీసి, దానికి వేరే కాలింగ్‌బెల్ మీట పెట్టుకున్నాడు. పెద్ద మీట ఊరికి, చిన్నది ఆమెకి. ఆట మొదట్లో చిన్న మీట రెండుసార్లు నొక్కేవాడు, నేనిక్కడే ఉన్నానని. వెనక్కి తిరక్కుండానే ఆమె చెయ్యెత్తేది. వరసంతా ఒకే ఇనుప కడ్డీ కాబట్టి పక్క కుర్చీలో పెట్టిన క్యారేజీ కూడా సన్నగా గలగలమనేది.

అది ఒంటికి ఎలా ఉంటుందో అతనికే తెలీదు. సైగ చేసి అడిగితే ఆమె అతని వీపుమీద వేళ్ళతో వాయించి నవ్వేది. ఈ పొద్దున ఇక ఆగలేక బాపయ్యని అడిగేశాడు.

"ఒక్క ఆట కింద కూర్చుంటానండీ, మా ఆవిడ పక్కన."

"నువ్వక్కడ కూర్చుంటే మీట ఎవడు నొక్కుతాడ్రా?"

బాపయ్య చెడ్డవాడేం కాదు. నజీర్ తిరిగి మెట్లెక్కాడు. ఊరందరికీ తగిలేది తన వేలిమీదుగా వెళ్తూ తనకే తగలకుండా పోతోంది.

ఇవాళా రెండుసార్లు నొక్కాడు. ఆమె చెయ్యెత్తింది. తెరమీద వాన మొదలయ్యేసరికి ఛాతీలో నొప్పి ఎడమ భుజంలోకి పాకింది. తలుపు తీసి కిందికి దిగుదామనుకున్నాడు. కానీ రీలు అయిపోవస్తోంది, రెండోది ఎక్కించాలి. కాసేపు స్టూలు మీద కూర్చున్నాడు.

తెరమీద లారీ వంతెన విరగ్గొట్టుకుని ఏట్లో పడింది. కుర్చీలేవీ కదల్లేదు. జనం ఈలలు వేశారు. రహిమున్నీసా కుర్చీ చేతిమీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి కంత వైపు చూసింది. ఈలోగా తెర తెల్లబడిపోయింది.

నలుగురు కలిసి క్యాబిన్‌లో పడి ఉన్న నజీర్‌ని దింపి మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురు వీధి డాక్టరు వచ్చి నాడి చూసి, చెయ్యి మెల్లగా వదిలేశాడు.

"లేరా నజీరూ," అన్నాడు బాపయ్య. "మీట నేను నొక్కుతాలేరా."

రహిమున్నీసా అతని గుండెమీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. ఏమీ తగల్లేదు. లేచి మెట్లెక్కింది. అతని చొక్కా తేవడానికేమో అనుకున్నారు అందరూ. ఆమె క్యాబిన్‌లోకి వెళ్ళి చిన్న మీట రెండుసార్లు నొక్కింది. మూడోసారి నొక్కి, వేలు తియ్యలేదు.

పక్క కుర్చీలో, మూత తియ్యని క్యారేజీ గిన్నెలు సన్నగా గలగలమంటూనే ఉన్నాయి.