కల్లంలో నాలుగు సెకన్లు

వానకి డబ్బుల్లేకపోవడమే మంచిదైంది, అనుకున్నాడు యేసుపాదం మాస్టారు, పెద్ద సినిమా అయితే ట్యాంకర్లు తెప్పించి ఆ పిల్లని తడిపేసేవాళ్ళు, ఇక్కడ తెర మీద దర్శి బస్టాండులో హీరో హీరోయినూ ఒక్క ప్లేటు బజ్జీలు ముందు పెట్టుకుని ఆఖరిది నువ్వు తినంటే నువ్వు తినని కూర్చున్నారు, అంతే, ప్రేమ అని ఒక్కరూ అనలేదు, అయినా తెలుస్తోంది, వెనక కండక్టరు ఒంగోలు ఒంగోలు అని అరుస్తున్నాడు, ఆ అరుపు తీసెయ్యడం వీళ్ళకి చేతకాలేదట, తియ్యకపోవడమే నయం, సినిమా చూస్తున్నది బ్రాడీపేటలో కోచింగ్ సెంటరు మీద గదిలో, కిటికీకి దుప్పటి కట్టారు, ల్యాప్‌టాప్ ముందు మహిమ, తన దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు డైరెక్టరు, టీ చల్లారిపోతోంది మాస్టారూ అంటోంది, తాగుతాలేమ్మా, తరవాతది మిరప కల్లం కదా, ఇక తాగడమెక్కడ.

వచ్చింది, తెర నిండా ఎరుపు, జూనియర్ ఆర్టిస్టుల్ని తెచ్చే స్తోమత లేక నిజంగా మిరప రాశిలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్యే తీశారు, ఆ రోజు కూలికి ఆదెమ్మ రాక వరసలో ఖాళీ ఉంటే తన భార్య రెబ్కా వెళ్ళి కూర్చుంది, చిన్నప్పుడు చేసిన పనేగా అని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, అది ఫిబ్రవరి, ఆగస్టుకి మనిషి లేదు, ఇదిగో, హీరో నోరు తెరవబోతున్నాడు, వెనక రెబ్కా గుడ్డ కిందికి లాగి తలెత్తి చూసింది, ఏదో అంది, తుమ్మింది, నాలుగు సెకన్లు, మహిమ ఆపేసింది.

ఈ ముక్క తీసెయ్యమంటున్నాడు సుభానీ, మాస్టారూ, అంది, పక్కనున్న ఎడిటరు కుర్రాణ్ణి చూపిస్తూ, అమ్మగారు తలెత్తగానే జనం కళ్ళు హీరోని వదిలి అటే పోతాయంట, మీరు ఉంచమంటే ఉంచుతా, తన ఇంట్లో ఉన్నవన్నీ కదలని ఫొటోలే, రెబ్కా కదిలేది ఇందులోనే, అయినా పిల్లకి ఇది మొదటి సినిమా, ముసలాడి కోసం పాడుచేసుకోకూడదు, కెమెరా వంక చూడొద్దని పొద్దున్నే అందరికీ చెప్పారు, రెబ్కా ఎప్పుడు విన్నది గనక, తీసెయ్యమ్మా అనబోయాడు.

సుభానీ ఇంకోసారి వేశాడు, కెమెరాలోకి కాదు సార్ చూసింది, కొంచెం ఎడంగా, ఆ పక్కన ఎవరున్నారు, అన్నాడు, ఎవరుంటారు, లైట్లు లేక హీరో మొహమ్మీదికి ఎండ మళ్ళించడానికి తెల్ల థర్మాకోల్ అట్ట పట్టుకుని రెండు గంటలు నిలబడింది మాస్టారే, పెదాలు చూశాడు, నీడకి రండి, అవును, అదే అంది, పనిలో ఉన్నా, కనపట్టంలా అని తను చెయ్యూపి కసిరాడు, ముప్పై నాలుగేళ్ళూ మా ఇంట్లో అలాంటి మాటలేవీ లేవనే అనుకుంటూ వచ్చాడు, ఇందాక బజ్జీలప్పుడు కూడా అనుకున్నాడు, ఆ హీరో కుర్రాడు గంటన్నర సినిమా తిప్పలుపడి చెప్పలేనిది ఈమె ఆ ఘాటులో గుడ్డ లాగి రెండు ముక్కల్లో చెప్పింది, ఇంకెన్నిసార్లు చెప్పిందో, అన్నిసార్లూ తను చెయ్యూపే ఉంటాడు.

ఉంచమ్మా మహిమా, అన్నాడు, జనం కళ్ళు సరైన చోటికే పోతున్నాయి.