ఆగి ఆగి మాటాడే గొంతు

నాకు సెవుడని గోపాలపూర్ ఒడ్డు మీద అందరూ అనీసుకున్నారు. సెవుడేటి, నా మొకం! కెరటం ఇనపడతాది, పడవ ఇంజను ఇనపడతాది. మనిసి నోరిప్పితేనే ఆ... ఓ... అంతే, ముద్దముద్దగా. రెండేళ్ళ కితం జొరం తగ్గినకాడి నుంచీ ఇదే గోల.

మా ఓలకి కెరటాన్ని మించి అరవడం పుట్టుకతోనే అలవాటు. అర్థం కానేదంటే ఇంకా అరుస్తారు. అరిసేకొద్దీ మాట మరీ సెడతాది. నా కొడుకు అర్జున్ అరిసి అరిసి, సెయ్యి ఊపీసి ఎల్లిపోతాడు. సేపల ఏలంపాటకి ఎల్లడం మానీసినాను.

ఒక్క కోడలు సస్మిత మాటే తెలిసేది. అస్కా నుంచి ఒచ్చిన ఒడియా పిల్ల. తెలుగు ఎతుక్కుని మాటాడేది. "అత్తా... అన్నం... ఎట్టనా?" ఈదంతా నవ్వేది. నాను మాత్రం దాని కొంగట్టుకుని తిరిగేదాన్ని.

ఈ యేడు దానికీ తెలుగు గడగడా ఒచ్చీసింది. దాని మాటా ముద్దయిపోనాది. పొయ్యి కాడ కూకుని ఏడిసినాను.

అది సూసి సస్మితే నన్ను బరంపురం, హల్దియాపదర్‌లో డాక్టరమ్మ కాడికి తీసుకెల్లింది. ఆవిడ నిదానంగా సెప్పింది. పెదాలు ఇడడానికీ గొంతు లేవడానికీ మద్దిన రెప్పపాటులో పదో వంతు ఎడం ఉంటాదంట. 'ప' ఏదో 'బ' ఏదో ఆ ఎడాన్ని బట్టే తెలుస్తాదంట. నా సెవికి శబ్దం అందుతాది గానీ ఆ ఎడం అందదంట. "అరవకండి. ఆగి... ఆగి... మాటాడండి" అంది సస్మితతో.

బస్సులో సస్మిత నా మొకంలోకి సూసి అడిగింది. "అత్తా... ఆకలి... ఏస్తందా?"

అమ్మ నా తల్లీ! పేణం లేచొచ్చినట్టయింది.

మర్నాడు కుళాయి కాడ అలాగే పిలిసింది. "అత్తా... బిందె... ఎత్తనా?" పక్కింటి ఎర్రమ్మ నడుం మీద సెయ్యేసుకుని, మూతి తిప్పి ఎక్కిరించింది. "అత్తా... బిందె... ఎత్తనా?" ఆడోలంతా పగలబడి నవ్వినారు. రెండేళ్ళలో ఎర్రమ్మ మాట నాకు తెలిసింది అదొక్కటే. సస్మిత మొకం సిన్నబోనాది.

సాయంత్రం అది నా పక్కన కూకుని, మళ్ళీ ఆగి ఆగి మొదలెట్టింది.

"మామూలుగా మాటాడమ్మా. ఇప్పుడు బాగానే తెలుస్తంది" అన్నాను.

దాని కళ్ళు ఎలిగిపోనాయి. గడగడా ఏటేటో సెప్పింది. అది నవ్విన సోటల్లా నానూ నవ్వినాను.