చప్పనీళ్ళ కొళాయి

"గీజరు మళ్ళీ కాలిపోద్దని తెచ్చానే. నీ కోసమనుకుంటున్నావా ఏంటి?" అన్నాడు జీవరత్నం నవ్వుతూ.

భార్య అమలమ్మ నవ్వలేదు. ఫిట్టరు గోడ తవ్వి పోసిన పెచ్చులు ఊడుస్తోంది. బాత్‌రూము పక్కన కొత్త నీలం డ్రమ్ము నిలబడింది. సాఫ్ట్‌నరట. బోరు నీళ్ళు దాని లోపలి పసుపు రంగు గుళికల్లోంచి దిగి, సున్నం వదిలి చప్పబడి కొళాయికి వస్తాయి. వంటింటికి గొట్టం వెయ్యలేదు. వారానికోసారి ఉప్పు కరిగించి ఆ డ్రమ్ములో పోసి కడగాలి. అది నీ పని అని ముందే చెప్పాడు.

ఏళ్ళ కిందట గుణదలలో ఈ ఇల్లు కట్టి బోరు వేయించిన రోజునే అత్తగారు శౌరమ్మ అమలమ్మను ఏలూరు కాలవకి వెళ్ళొద్దంది. "సొంత బోరు పెట్టుకుని గట్టున గుడ్డలుతికితే నలుగురూ ఏమనుకుంటారు?" అంది. అప్పటినుంచి సబ్బు నురగ రాలేదు. విరిగిన పాలలాగా ముక్కలు తేలేవి. తెల్లబట్టలు బూడిద రంగు తిరిగేవి. అమలమ్మ ఉడకేసింది, బాదింది, నీలిమందు పెట్టింది. అరచేతులు పగిలాయి. "సబ్బు తింటన్నావా ఏమే?" అనేది అత్తగారు. నీళ్ళు మంచివి కావు అత్తయ్యా అని ఒకసారి చెప్పి చూసింది. "చేతగాక నీళ్ళ మీద పెడతంది. కొందరి చెయ్యి అంతే" అని పక్కింటి వాళ్ళకు వినపడేలా అంది శౌరమ్మ. జీవరత్నం పేపరు చదువుకుంటూ ఉండేవాడు. కొన్నాళ్ళకు అమలమ్మ కూడా నమ్మింది. నా చెయ్యే మంచిది కాదు కాబోలు అనుకుంది.

కూతురు తెరేసమ్మ చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకున్నప్పుడు తెల్లగౌను, తల మీద ముసుగు వేశారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనులో చేరిన జీవరత్నం మొదటి జీతంతో తెచ్చిన గుడ్డ అది. మరుసటి ఏడు జ్వరం వచ్చి పిల్ల పోయింది. ఆ గౌనుతోనే పంపాలన్నారు. తీసి చూస్తే మాసినట్టుంది. "ఏమండీ, కాలవ నుంచి రెండు బిందెలు తెప్పించండి" అని అడిగింది. "ఇప్పుడు నీళ్ళ గొడవేంటే?" అన్నాడు. బోరు నీళ్ళతోనే ఉతికింది. పిల్లని శవపెట్టెలో పడుకోబెట్టాక, ముసుగు మరీ మసిగా ఉందని శౌరమ్మ లాగేసి పూలదండ చుట్టింది. "పిల్లని దేవుడి దగ్గరికి పంపేటప్పుడైనా తెల్లగా ఉతకలేకపోయావా?" అంది, అందరి ముందూ. అమలమ్మ ఆ ముసుగు తీసి ట్రంకు పెట్టెలో దాచుకుంది. ఆ తరవాత ఆ మాట వినపడని రోజు లేదు.

"అమ్మా, ఇట్టా చూడు" అని ఇప్పుడు శౌరమ్మని పిలిచాడు జీవరత్నం. రెండు సీసాలు పట్టుకున్నాడు. ఒకదాంట్లో బోరు నీళ్ళు, రెండోదాంట్లో కొత్త కొళాయి నీళ్ళు. రెండిట్లోనూ సబ్బు ముక్క వేసి ఊపాడు. మొదటిదాంట్లో తెట్టు తేలింది. రెండోది మూతిదాకా నురగ పొంగింది.

"మా బాయిలర్లకి ఇట్టాంటి నీళ్ళే పెడతాం. లేకపోతే సున్నం కట్టి గొట్టాలు పాడైపోతయ్. చేతిలో ఏముందమ్మా, అంతా నీళ్ళల్లోనే ఉంది. ఎవరుతికినా ఒకటే."

అమలమ్మ చీపురు ఆగింది.

"మీకు ఈ సంగతి ఎప్పుడు తెలుసండీ?"

"ప్లాంటులో చేరిన కొత్తల్లోనే చెప్పారు. నాది నీళ్ళ సెక్షనే గదా."

చేరిన కొత్తల్లో. గౌను గుడ్డ తెచ్చిన రోజుల్లో. అయితే శవపెట్టె పక్కన నిలబడి తల్లి మాట విన్నప్పుడు అతనికి తెలుసు. తెలిసి, తల దించుకుని నిలబడ్డాడు. బాధతో దించుకున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది.

శౌరమ్మ సీసా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. కొడుకు తెల్లచొక్కాలు తెచ్చి బకెట్లో పడేసింది. "ఇకనైనా తెల్లగా ఉతుకు. ఇంక సాకులేం లేవుగా" అంది.

అమలమ్మ లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచింది. ముసుగు తెచ్చింది. బకెట్లోని చొక్కాలు తీసి గట్టు మీద పెట్టింది. కొత్త కొళాయి తిప్పింది. సబ్బు అలా తాకించిందో లేదో నురగ చేతుల నిండా వచ్చింది. మెల్లగా పులిమింది. బాదలేదు. నీళ్ళు మార్చి మళ్ళీ పులిమింది. పాత తెట్టు వదులుతోంది. ముసుగు తెల్లబడుతోంది. పగిలిన అరచేతుల మీద దాన్ని పరిచి చూసుకుంది. ఇంత సులువు. రెండు బిందెల నీళ్ళు.

పిండి, తడి ముసుగు చేత్తో పట్టుకుని గేటు వైపు నడిచింది.

"ఏమే, ఎక్కడికి?" అన్నాడు జీవరత్నం.

"సమాధుల తోటకి. పిల్లకి కప్పొస్తాను."

"మరి నా చొక్కాలు?"

అమలమ్మ గేటు తీసింది.

"ఎవరుతికినా ఒకటేనన్నారుగా. మీరుతుక్కోండి."