ఎవరూ తాకని తల

ఫిబ్రవరి వచ్చిందంటే ట్రెనీస్‌కి ఊపిరాడదు. అమెరికాలో అది నల్లవాళ్ళ చరిత్ర నెల. ఏడాదంతా గుర్తుకురాని వాళ్ళకి కూడా ఆ నెలలో నల్లవాళ్ళు తెగ గుర్తుకొస్తారు. 'తప్పక ఫాలో అవ్వాల్సిన నల్లజాతి ప్రతిభావంతులు' అంటూ చిన్నా పెద్దా పత్రికలన్నీ జాబితాలు వేస్తాయి. వంటవాళ్ళు, వకీళ్ళు, డాక్టర్లు, పెరట్లో బెండకాయలు పండించేవాళ్ళు, అందరికీ అందులో చోటుంటుంది. జుట్టు సంగతికి వచ్చేసరికి మొదటి పేరు మాత్రం ట్రెనీస్‌దే. పేరు పక్కన ఆమె ఫొటో ఉంటుంది. ఒత్తైన రింగుల జుట్టు చెవులు దాటి, భుజాలు దాటి, ఎవరికీ లొంగనన్నట్టు నాలుగు వైపులా విచ్చుకుని ఉంటుంది.

ఆ జుట్టు ఆమెది కాదు. ఏడాదిన్నరగా అది విగ్గు. ముందు వైపు మిగిలిన తన జుట్టుని దానిమీదికి దువ్వి, అంటించి, అతుకు కనబడకుండా చేసుకోవడంలో ఆమె చేయి తిరిగిపోయింది. లోపల నడినెత్తి మీద అరచేయంత మేర నున్నగా అయిపోయింది.

మొదట్లో ఇలా లేదు. మెంఫిస్‌లో ఒక బ్యాంకులో పనిచేసే రోజుల్లో అందరూ కూర్చున్న మీటింగులో మేనేజరు వెనకనుంచి వచ్చి, కుక్కపిల్లని నిమిరినట్టు ఆమె జుట్టులోకి వేళ్ళు పోనిచ్చాడు. "మెత్తగానే ఉందే" అని మెచ్చుకోలు కూడాను. ట్రెనీస్ అతని మణికట్టు పట్టుకుని పక్కకి పెట్టి, "చేయి తియ్యండి. ఇది నా తల" అంది. పక్క సీటావిడ అదంతా ఫోనులో తీసింది. ఆ ముక్క ఊరు దాటి, రాష్ట్రం దాటి పోయింది. తమ జుట్టుని ఏదో సంతలో వస్తువులా పరాయివాళ్ళు తడిమి చూస్తుంటే పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్న ఆడవాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళందరి నోటా ఆ మాటే వినబడింది. చొక్కాల మీద అచ్చు వేయించుకున్నారు, సంచుల మీద కుట్టించుకున్నారు. ఉద్యోగం పోయింది గానీ, ఆమె అందరికీ 'ట్రెనీస్ అక్క' అయింది.

ఆ తర్వాత ఒక నూనె కంపెనీ వాళ్ళు వచ్చి సీసా మీద ఆమె బొమ్మ వేశారు. ప్రతి ఆదివారం ఆమె తలంటుకుంటూ వీడియో పెట్టాలని ఒప్పందం. రింగులు పోయేలా జుట్టు సాపు చేసే వేడి దువ్వెనలు, మంట పుట్టించే మందులు పారేయండి, మీ జుట్టు మీ జుట్టులాగే ఉండనివ్వండి, ఓపిక పట్టండి, వస్తుంది అని ఆమె చెబుతుంటే లక్షల మంది తలలూపేవాళ్ళు. నిజంగా నమ్మే చెప్పింది. తన తల మండుతున్నప్పుడు కూడా నమ్మింది. నడినెత్తి మీద దువ్వెన తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంటే, జడలు బిగుతుగా అల్లించుకున్నందుకేలే అనుకుని ఇంకాస్త నూనె పట్టించింది. జుట్టు మీద అంత ప్రేమ ఉన్న మనిషికి చర్మం సంగతి తట్టలేదు.

నిజం చెప్పేద్దామని చాలాసార్లు ఫోను ముందు కూర్చుంది. రెండు మాటలు చెప్పి ఆపేసేది. ఒప్పందం ప్రకారం సీసా మీదున్న తలే ఆమె మెడ మీదా ఉండాలి. తల్లి ఉంటున్న ఇల్లు కూడా ఆ సీసా పుణ్యమే. అన్నిటికంటే ఆ ఆడవాళ్ళు. నమ్మి, మందులు మానేసి, ఆఫీసుల్లో మాటలు పడి, సొంత జుట్టుతో తలెత్తుకు తిరుగుతున్నవాళ్ళ ముఖాలు చూస్తూ ఏమని చెబుతుంది? తీసిన వీడియో తీసినట్టే తుడిచేసేది.

తల్లికి కూడా చెప్పలేదు. అందరూ మిస్ వర్లీన్ అని పిలిచే ఆవిడ నలభై ఏళ్ళుగా తన వంటింట్లోనే పేటలోని ఆడవాళ్ళందరికీ తలలు దువ్విన మనిషి. చిన్నప్పుడు ట్రెనీస్‌ని తన మోకాళ్ళ మధ్య కింద కూర్చోబెట్టుకుని, దువ్వెన తోకతో పాపిడి తీసి, పాయ పాయకీ నూనె రాసేది. మొన్న థాంక్స్‌గివింగ్ పండక్కి అందరూ బల్ల చుట్టూ ఉండగా, ఆవిడ వెనకనుంచి వచ్చి అలవాటుగా కూతురి తల మీద చేయి వేయబోయింది. ట్రెనీస్ చటుక్కున తల పక్కకి తీసి, నవ్వుతూ అదే మాట అనేసింది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆవిడ చేయి గాల్లోనే ఆగిపోయింది.

"ఆ మాట తెల్లోళ్ళకి కదే పిల్లా చెప్పావు. నాక్కూడానా?" అంది మిస్ వర్లీన్.

ఆవిడ పోయి మాకరోనీ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు. ఆ రాత్రి ట్రెనీస్ కారులో కూర్చుని ఏడ్చిన ఏడుపు ఆమెకే తెలుసు. తన తల మీద చేయి వేసే హక్కున్న ఒక్క మనిషిని తనే తోసేసుకుంది.

ఈ ఫిబ్రవరిలో జాబితావాళ్ళు ఒక కొత్త తతంగం పెట్టారు. ఫోనుల్లో చూసేవాళ్ళని ఎదురుగా కలుసుకోండి అని ఒక శనివారం మెంఫిస్‌లో ఓ పెద్ద చర్చి హాలు తీసుకున్నారు. వంటింట్లో చర్చి ఆడవాళ్ళు తెల్ల బట్టల్లో చేపలు వేయిస్తున్నారు. ఆకుకూర వాసనా, మొక్కజొన్న రొట్టె వాసనా హాలంతా కమ్ముకున్నాయి. వేదిక మీద ట్రెనీస్ పక్క కుర్చీ డాక్టర్ మార్వా గెయిన్స్‌ది.

ఆ పేరు చూడగానే ట్రెనీస్ తన కుర్చీ కాస్త ఇవతలికి లాక్కుంది. డాక్టర్ గెయిన్స్ చర్మవైద్యురాలు, జాబితాలో ఆవిడా ఉంది. నల్లవాళ్ళ చర్మం గురించి, మాడు గురించి చిన్న చిన్న వీడియోలు చేస్తుంది. నడినెత్తి మండుతుంటే ఆలస్యం చేయకండి, ఈ జబ్బు కుదుళ్ళని తినేస్తుంది, తినేసిన చోట మచ్చ కడుతుంది, ఆ తర్వాత దేవుడొచ్చినా మొలవదు అని ముక్కుసూటిగా చెబుతుంది. ట్రెనీస్ ఆ వీడియోలన్నీ బాత్రూములో గొళ్ళెం పెట్టుకుని, శబ్దం తగ్గించుకుని చూసింది. ఫాలో మాత్రం నొక్కలేదు. నొక్కితే నలుగురికీ కనబడుతుంది.

డాక్టరుగారు తన వంతు రాగానే చిన్న భూతద్దంలాంటిది తీసింది. ఇది తల మీద పెడితే కుదుళ్ళు వెనకున్న తెర మీద కనబడతాయి, భయమేమీ లేదు, ఎవరైనా వచ్చి కూర్చోండి అంది. హాల్లో ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అంతలో వెనకనుంచి ఎవరో ట్రెనీస్ అక్కని కూర్చోబెట్టమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. క్షణంలో హాలంతా అక్కా, అక్కా అని చప్పట్లు. ఎంత ప్రేమో! కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ట్రెనీస్ పరిస్థితి.

డాక్టరు నవ్వుతూ ఆమె వైపు తిరిగింది. చూపు ఒక్కసారి నుదుటి అంచు మీద, కణతల దగ్గర ఆగింది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారిపోయాయి. ఆవిడకి తెలిసిపోయిందని ట్రెనీస్‌కి తెలిసిపోయింది.

ఇక ఉన్నది ఒక్కటే దారి. ట్రెనీస్ మైకు దగ్గరికి జరిగి, తాపీగా, ఒక్కో మాటా విడదీస్తూ, "చేయి తియ్యండి. ఇది నా తల" అంది.

హాలు దద్దరిల్లిపోయింది. ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. టోపీలు పెట్టుకున్న పెద్దావిడలు చేతిలో విసనకర్రలు ఊపారు. డాక్టరు రెండు చేతులూ పైకెత్తి ఓడిపోయినట్టు వెనక్కి జరిగింది. నలుగుర్లో ఒక నల్ల ఆడదాని తల గురించి ఇంకో మాట అనడం తమవాళ్ళలో లేదు. మైకుకి దూరంగా వంగి మాత్రం, "తల్లీ, నడినెత్తి నొప్పిగా ఉంటోందా?" అని అడిగింది. ట్రెనీస్ జనం వైపే చూస్తూ నవ్వు చెదరనివ్వలేదు. "వెనక సండే స్కూలు గదిలో సాయంత్రం దాకా ఉంటాను" అని డాక్టరు తన కుర్చీలో కూర్చుంది. చప్పట్లు ఇంకా ఆగలేదు.

తర్వాత సంతకాలకి వరస కట్టారు. సీసాలు చాపుతున్నారు, ఫొటోలు దిగుతున్నారు. వరసలో తలగుడ్డ కట్టుకున్న ఒక పిల్ల వచ్చింది. పేరు జనేయా, మిసిసిపీలో బడి బస్సు నడుపుతుందట. ఫొటో దిగాక ఆ పిల్ల ముందుకి వంగి, రహస్యం చెబుతున్నట్టు తలగుడ్డ కొంచెం పైకి జరిపింది. నడినెత్తి మీద జుట్టు పలచబడి, మధ్యలో నాణెమంత చోటు మెరుస్తోంది.

"నువ్వు చెప్పినట్టే ఓపిక పట్టానక్కా. మంటగా ఉంటది, అయినా నూనె ఆపలేదు. మా అత్త డాక్టరు దగ్గరికి పొమ్మని ఒకటే గోల. జుట్టు వస్తదని ట్రెనీస్ అక్క చెప్పింది, వస్తది అన్నాను" అంది, అదేదో బహుమతి చూపిస్తున్నట్టు.

ట్రెనీస్‌కి అద్దంలో చూసుకుంటున్నట్టే ఉంది. సరిగ్గా ఇలాగే మొదలైంది తనకీ. నూనె ఆపేసి ఈ క్షణమే వెనక గదిలో ఉన్న డాక్టరుకి చూపించుకోమని, ఆలస్యం చేయొద్దని గబగబా చెప్పింది.

జనేయా నవ్వేసింది. "నువ్వే కూర్చోలేదుగా అక్కా. నువ్వు కూర్చోనిది నేనెందుకు కూర్చుంటా?"

ఆ పిల్ల అన్నది గర్వంగా. ఏం చెప్పినా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. ట్రెనీస్ కలం బల్ల మీద పెట్టేసి, వరసలో ఉన్నవాళ్ళకి ఇప్పుడే వస్తానని చెప్పి, జనేయా చేయి పట్టుకుని వెనక గదికి నడిచింది.

అక్కడ డాక్టరు పిల్లల కుర్చీలో ముడుచుకుని కూర్చుని చేప తింటోంది. వీళ్ళని చూసి ప్లేటు పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. ట్రెనీస్ తలుపు గడియ వేయమంది. తను కూడా ఒక చిన్న కుర్చీలో కూర్చుని పిన్నులు తీసింది. అంటించిన అంచు చర్మాన్ని లాగుతూ ఊడివచ్చింది. విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పిల్లలు రంగులేసిన నోవా ఓడ బొమ్మల పక్కన జనేయా గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"చేయి వేయొచ్చా?" అని డాక్టరు అడిగింది.

ట్రెనీస్ తలూపింది. మెల్లగా, వెచ్చగా ఆ వేళ్ళు మాడు మీద ఆనగానే ఆమెకి ఏడుపు ఆగలేదు. ఎన్నాళ్ళయింది ఇంకో మనిషి చేయి తగిలి! డాక్టరు ఏడవనిచ్చింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మధ్యలో ఇక రాదు తల్లీ. చుట్టూ ఉన్నదాన్ని నిలబెట్టొచ్చు. పోయినేడాది వచ్చుంటే..." అని ఆపేసింది.

ట్రెనీస్‌కి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. అయినా చెవులారా వినడం వేరు.

జనేయా ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చుంది. ఆమె తల చూసేసరికి డాక్టరు ముఖం వికసించింది. కుదుళ్ళు బతికే ఉన్నాయని, సమయానికి వచ్చావని, మందు రాస్తాను, సూదులు వేయాలి, మొలుస్తుందని చెప్పింది. ఆ మాట విని ట్రెనీస్‌కి ప్రాణం లేచివచ్చింది. వెంటనే అసూయ కూడా పుట్టింది. ఆ రెండోదానికి సిగ్గుపడింది.

మందుల చీటీ కాగితాలు కారులో ఉన్నాయని డాక్టరు బయటికి వెళ్ళగానే జనేయా మళ్ళీ గడియ వేసింది. గదిలో ఇద్దరే మిగిలారు. జనేయా చేతిలో ఫోను ఉంది. ట్రెనీస్ చూపు దాని మీదికి పోయింది. ఈ పిల్ల ఒక్క ఫొటో తీస్తే చాలు, చీకటి పడేలోపు అందరికీ తెలిసిపోతుంది. తిడతారు, ఉమ్మేస్తారు, కంపెనీ సీసా మీద బొమ్మ చింపేస్తుంది. ఆ తర్వాత వచ్చే ఆదివారం ఆమె ఎవరిదో జుట్టు నెత్తిన పెట్టుకుని తలంటుకోనక్కర్లేదు. తన నోటితో తను చెప్పలేనిది ఇంకెవరో చెప్పేస్తే ఎంత బాగుండు!

"చూశావుగా. నీకు చెప్పాలనిపిస్తే నలుగురికీ చెప్పు. నేనేమీ అనుకోను. నిజంగా అంటున్నా, నువ్వే చెప్పు" అంది ట్రెనీస్. ఆ గొంతులో ఉన్నది బతిమాలడమని ఆ పిల్లకి అర్థం కాలేదు.

జనేయా నొచ్చుకుంది. "అవేం మాటలక్కా? మా అమ్మ మీద ఒట్టు, ఈ గది దాటదు. మనోళ్ళని మనమే బజార్న పెట్టుకుంటామా? నువ్వు పడిపోతే ఆ బ్యాంకు మేనేజరు లాంటోళ్ళు పండగ చేసుకుంటారు. నా తల కోసం నువ్వింత పని చేశావు, నేను నీకు అంత కూడా చేయలేనా?"

అని, ఇందాక వరసలో దిగిన ఫొటో తెరిచి చూసి, అతుకు కొంచెం లేచినట్టుందని దాన్ని కూడా తుడిచేసింది. ట్రెనీస్ ఒళ్ళోంచి విగ్గు అందుకుంది. తల కాస్త వంచమంది. ఎన్నోసార్లు చేసిన పనిలా దాన్ని సర్ది, ముందు జుట్టు పైకి దువ్వి, పిన్నులు ఒక్కోటీ గుచ్చి, అంచుని బొటనవేలితో నొక్కి పట్టుకుంది. నొప్పి పెట్టకుండా ఎంతో జాగ్రత్తగా చేసింది. బయట ఆడవాళ్ళు ట్రెనీస్ అక్కా అని పిలుస్తున్నారు.

"ఇంక చచ్చినా ఎవరికీ తెలీదక్కా" అంది జనేయా, వెనక్కి జరిగి తృప్తిగా చూసుకుంటూ.

ట్రెనీస్ ఆ పిల్లకి థాంక్స్ చెప్పింది. జనేయా వెళ్ళి గడియ తీసి, ఆమె కోసం తలుపు పట్టుకుని నిలబడింది.